వనజమ్మ దాచిన దద్దుర్లు

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే వచ్చే ఊరికి వనజమ్మ ఆశా కార్యకర్త. ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు పడాలో తల్లుల కంటే ఆమెకే బాగా గుర్తు. కాన్పు నొప్పులు మొదలైతే ఆటో కంటే ముందు ఆమెనే పిలుస్తారు. పన్నెండేళ్లలో ఆమె మాటంటే ఊరికి అంత గురి కుదిరింది.

కరోనా టీకా వచ్చిన ఏడాది ఆశా వాళ్లకు అందరికంటే ముందే వేశారు. మొదటి డోసుకు ఒక రోజు జ్వరం, చెయ్యి నొప్పి వచ్చి పోయాయి. రెండో డోసు అట్లా కాలేదు. ఆరోగ్య కేంద్రంలో బెంచీ మీద కూర్చున్న పది నిమిషాలకే అరచేతులు దురద పెట్టాయి. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. గొంతులో గుడ్డ కుక్కినట్టు ఊపిరి ఆడలేదు. ఏఎన్‌ఎం గీతాంజలి పులివెందుల పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. అయినా వెంటనే వనజమ్మ తొడకు అడ్రినలిన్ సూది పొడిచింది. ఆ సూదే ఆమెను బతికించిందని జమ్మలమడుగు ఆసుపత్రిలో చెప్పారు. ఒక రోజు ఉంచుకుని, చీటీ రాసిచ్చి పంపారు.

అంబులెన్సు సంగతి ఆమె కంటే ముందే ఊరికి చేరింది. ఏమని చెప్పాలని భర్త ఆదినారాయణ అడిగితే, పరగడుపున పోయి కళ్లు తిరిగి పడిందని చెప్పమంది. మరుసటి వారమే ముసలివాళ్లకు టీకాలు. కరోనా మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఊళ్లో ఇద్దరు పోయారు, ఆ ఇద్దరి ఇళ్లకూ మందులు మోసింది ఆమే. తనకు వచ్చింది లక్షల్లో ఒకరికి వచ్చేది, ఆ ఒక్కటి విని అందరూ వెనక్కి పోతే ఇంకెంతమంది పోతారో అనుకుంది. అందుకే అబద్ధమాడింది. ఊరు నమ్మింది. ఆ తర్వాత టీకాకు వచ్చినవాళ్లలో చాలామంది కడుపు నిండా తినే వచ్చారు.

మరుసటి ఏడాది జనవరిలో బూస్టర్ మొదలైంది. ఆశా వాళ్లకు మళ్లీ ముందే. వనజమ్మ ఒకసారి జ్వరమంది, ఒకసారి అమ్మకు బాగాలేదంది. రిజిస్టరులో తన పేరు పక్కన గడి ఆగస్టు దాకా ఖాళీగానే ఉంది. గీతాంజలికి మాత్రం అసలు సంగతి తెలుసు. పోయినసారి వేసిన మందు జన్మలో మళ్లీ వేసుకోకూడదని, మూడో డోసుగా వేరే రకం వేయొచ్చని ఈ మధ్యే ఆర్డరు వచ్చిందని, ఆసుపత్రి చీటీ పట్టుకుని ప్రొద్దుటూరులో డాక్టర్ దీప్తిని కలవమని చెప్పింది. వనజమ్మ తల ఊపింది కానీ కదల్లేదు. ఆసుపత్రి గుమ్మంలో ఊరివాళ్లెవరైనా చూస్తారని ఒక భయం. మళ్లీ ఆ ఊపిరాడని పది నిమిషాలు వస్తాయని అంతకంటే పెద్ద భయం.

సెప్టెంబరులో బడి వరండాలో ఊరందరికీ బూస్టర్ పెట్టారు. ముప్పై నలుగురు వచ్చారు. రాసుకోవడం, పోయినసారి ఏమైందో అడగడం వనజమ్మ పని. ఏడో మనిషి సుబ్బలక్ష్మమ్మ. అరవై నాలుగేళ్లుంటాయి. మొగుడు పోయినప్పటి నుంచి నలభై గొర్రెల్ని ఒంటరిగా మేపుకుంటోంది. అప్పటికే రవిక చేయి పైకి మడుచుకుని కూర్చుంది.

"పోయినసారి సూది ఏసినంక ఏమన్నా అయిందా అత్తా?" అని అలవాటుగా అడిగింది వనజమ్మ.

"ఏం కాలేదు. నీకైనట్టే నాకూ అయింది. మందను తోలుకుని గుట్టకాడికి పోతానే కండ్లు తిరిగినాయి. ఒళ్లంతా దద్దుర్లు, మొగం ఉబ్బింది, ఊపిరి ఆడలే. సాయంత్రం దాకా ఆడే పండుకున్యా. పరగడుపున పోతి గదా, అందుకే. ఈసారి రెండు ముద్దలు సంగటి తినొచ్చినా."

వనజమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. అవతల గీతాంజలి సిరంజిలోకి మందు లాగి, దూది తీసుకుని సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగింది. పిల్లల గోలలో ఆమెకు ఈ మాటలేవీ వినబడలేదు. వనజమ్మ లేచి గీతాంజలి మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఆయమ్మకు ఎయ్యగాకు."

గోల అణిగింది. వనజమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అత్తా, అది ఆకలితో వచ్చింది కాదు. మందు నీకు పడలేదు. నాకూ పడలేదు. ఆపొద్దు నేను పరగడుపున పోలేదు, ఇడ్లీలు తినే పోయినా. దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయి, ఈ గీతాంజలి సూది పొడిస్తే బతికినా. మీరు బయపడతారని దాచినా."

వరుసలో తల్లిని తీసుకొచ్చిన అవినాష్ ఉన్నాడు, ఊళ్లో నలుగురూ మాట వినే రైతు కుటుంబం వాళ్లది. "అంటే ఇన్నాళ్లూ మాకు అబద్ధం చెప్పినావు," అన్నాడు.

"చెప్పినా," అంది వనజమ్మ.

అతను తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. చూస్తుండగానే వరుస పలచబడింది. చివరకు టీకా వేయించుకున్నది పదకొండు మంది.

రెండు రోజులకు ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి వనజమ్మను పిలిపించాడు. అందరి ముందూ చెప్పినందుకు తిడతాడనుకుని పోయింది. ఆయన తిట్టింది దాచినందుకు. సుబ్బలక్ష్మమ్మ లాంటివాళ్లు ఇంకెందరున్నారో ఇప్పుడెట్లా తెలుస్తుందని అడిగాడు.

ఆ శనివారం సుబ్బలక్ష్మమ్మను బతిమాలి ప్రొద్దుటూరు బస్సెక్కించి తానూ ఎక్కింది. ముసలామె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. సగం దారి దాటాక, "నేను ఆ గుట్టకాడ సచ్చిపోయింటే నా గొర్రెల్ని నువ్వు మేపుతాంటివా?" అంది.

డాక్టర్ దీప్తి చీటీ చూసి ఓపిగ్గా వివరించింది. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం మామూలే. వేసిన కాసేపటికే దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తే అది ఎలర్జీ. ఆ మందు ఇద్దరూ మళ్లీ ముట్టకూడదు. సుబ్బలక్ష్మమ్మకు ఉబ్బసం కూడా ఉంది కాబట్టి ఇప్పుడు ఏ రకమూ వద్దని, ముందు కడపలో పరీక్ష చేయించుకోమని రాసిచ్చింది. వనజమ్మ రోజూ రోగుల మధ్య తిరిగే మనిషి, ఆమెకు మూడో డోసు ఉంటే మంచిది. ఆ వేరే రకం టీకాలో కలిపిన పదార్థాలు వేరు, ఆసుపత్రిలోనే వేసి గంట సేపు కనిపెట్టి ఉంటామంది.

"అది ఏసుకుంటే కచ్చితంగా ఏం కాదా మేడం?"

"అట్లా చెప్పలేనమ్మా. ముప్పు తక్కువ, వస్తే చూసుకోడానికి మేమున్నాం. వేసుకోవాలా వద్దా అనేది మీరే తేల్చుకోవాలి."

వారం రోజులు ఆలోచించి వనజమ్మ వేయించుకుంది. ఆదినారాయణ పక్కన కూర్చున్నాడు. ఇరవయ్యో నిమిషంలో అరచెయ్యి దురద పెట్టింది. అది మందు పనో, భయం పనో ఆమెకు తెలియలేదు. నర్సు వచ్చి నాడి చూసి, ఒళ్లంతా చూసి, ఏమీ లేదంది. దురద పోయింది. ఇంటికొచ్చాక రెండు రోజులు జ్వరంతో పడుకుని లేచింది.

లేచాక ఊళ్లో తిరగడమే కష్టమైంది. గుమ్మాల్లో కూర్చోమనేవాళ్లు తగ్గారు. సుబ్బలక్ష్మమ్మ కడపకు పోలేదు, వనజమ్మ కనబడితే మందను వేరే దారిన తోలుకుపోయేది. అన్నిటికంటే వనజమ్మకు కునుకు పట్టనీయనిది అవినాష్ బిడ్డ సంగతి. మూడో నెల నిండుతున్నా ఆ పాపకు ఆరు వారాలకు పడాల్సిన టీకాలు పడలేదు. నాలుగుసార్లు పోతే నాలుగుసార్లూ గేటు తీయలేదు.

ఐదోసారి అవినాష్ భార్య భార్గవి గేటు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"ఈ సూదికి ఏమేమయితాదో అన్నీ చెప్పక్కా. దేన్నీ దాచగాకు."

వనజమ్మ మెట్టు మీద కూర్చుని చెప్పింది. జ్వరం, తొడ వాపు, ఏడుపు. లక్షల్లో ఎవరికో ఒకరికి తనకు వచ్చినట్టు రావడం. అది వస్తే ఎట్లా కనుక్కోవాలో, ఏ సూది వేస్తారో, అరగంట ఎందుకు కూర్చోవాలో. వేయించకపోతే వచ్చే కోరింత దగ్గు గురించి కూడా చెప్పింది. భార్గవి అంతా విని, ఆలోచించి చెబుతానని గేటు వేసుకుంది.

బుధవారం ఆమె ఒక్కతే పాపను ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. సూదులు వేయించి, వనజమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుంది. అరగంటా ఇద్దరూ పాప మొహం చూస్తూ ఉన్నారు.