ఉప్పు వేయని ఊరిబిండి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు సరికదా, ఆ మాట వింటేనే ఒళ్లుమంట. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే వీధిలో ఆడవాళ్లంతా చూడ్డానికి పోయేవాళ్లు, నన్ను మాత్రం పిలిచేవాళ్లు కాదు. నేను నవ్వుతానని వాళ్లకు తెలుసు. ఒకసారి జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న ఒకావిడను ఆకలేస్తోందా అని అడిగాను. ఊగడం ఆపి, అవునంది. అప్పటి నుంచి అలాంటి చోట్ల నాకు మర్యాద లేదు.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను. నన్ను చూసి నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనీండి, వాళ్ల చోట నేనున్నా నవ్వేదాన్నే.

మాది కడప జిల్లా, రాయచోటి దగ్గర ఒక పల్లె. తొంభైల మొదట్లో ఇంటి పనికని ఒమాన్ వెళ్లాను. మొదట అల్ సువైక్‌లో ఒక ఒమానీ కుటుంబంలో చేశాను. వాళ్లు మస్కట్‌కు మారుతూ, అల్ సువైక్‌లోనే తమకు తెలిసిన ఒక విదేశీ జంట దగ్గర నన్ను కుదిర్చి పోయారు. ఆ దంపతులది పెరూ దేశం. అలాంటి దేశం ఒకటి ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. సముద్రంలో పట్టిన చిన్న చేపలను ఎండబెట్టి పొడి చేసే పనిలో సార్ నిపుణుడట. ఆయన డ్యూటీ నుంచి వస్తే ఆ వాసన ఆయనకంటే ముందు గేటు తీసుకుని వచ్చేది.

ఆయన భార్య పేరు తెరేసా. మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు, సెనోరా అనమనేది. మన అమ్మగారు లాంటి మాటేనని నేను సరిపెట్టుకున్నాను. ఆమెకు ఇంగ్లీషు కొంచెం, నాకు అంతకంటే కొంచెం. మిగతాది అరబ్బీ ముక్కలతో, చేతులతో నడిచేది. అయినా పొద్దుగూకేదాకా మాట్లాడుకునేవాళ్లం.

తమ దేశానికి ఎవరు వెళ్లినా ముందు నేర్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయని, అవన్నీ నాకు నేర్పేది. నేనేదో రేపే పెరూ బస్సెక్కేదాన్నైనట్టు. పచ్చి చేప ముక్కలను నిమ్మరసంలో, ఉల్లిపాయతో, మిరపకాయతో నానబెట్టి తింటారు. అది మధ్యాహ్నం లోపే తినాలి, సాయంత్రం పెడితే వచ్చినవాళ్లు నొచ్చుకుంటారు. ఏది తాగినా మొదటి చుక్కలు నేలతల్లికి వదలాలి. పదిమంది కూర్చుంటే ఒకే గ్లాసు చేతులు మారుతుంది, తాగినవాళ్లు అడుగున మిగిలింది నేల మీద చిలకరించి పక్కవాళ్లకు అందిస్తారు.

ఒకే గ్లాసు అనేసరికి నాకు ఎంగిలి అడ్డొచ్చింది. ఆమె మజ్జిగ గ్లాసు అందిస్తే, పైకెత్తి పెదవి తగలకుండా నోట్లో పోసుకున్నాను. ఆమె చప్పట్లు కొట్టి, తానూ అలాగే తాగబోయి గౌనంతా తడుపుకుంది. ఆ తర్వాత వాళ్ల గ్లాసు, మా ఎత్తిపోత రెండూ ఆ ఇంట్లో కలిసిపోయాయి.

ఒక్కటి మాత్రం నావల్ల కాలేదు. భోజనం బల్ల దగ్గర నాకూ కుర్చీ లాగేది. నేను కూర్చునేదాన్ని కాదు. ఒమానీల ఇంట్లో ఆడవాళ్లందరితో కలిసి నేల మీద ఒకే పళ్లెంలో తిన్నాను, అప్పుడేం అనిపించలేదు. కుర్చీ అంటే మాత్రం కాళ్లు ముందుకు సాగేవి కావు. గిన్నెలు ఉన్నాయని చెప్పి వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

ఇక మా అమ్మ గురించి చెప్పాలి.

అమ్మ రోజూ అందరి తర్వాత తినేది. సంగటి ముద్దలో బొటనవేలితో గుంట చేసి, అందులో ఊరిబిండి పెట్టి, మళ్లీ మూసేసి చిన్న ఉండగా చేసి పళ్లెం అంచున పెట్టేది. ఊరిబిండి అంటే వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు కచ్చాపచ్చాగా నూరిన పచ్చడి. ఆ ఉండ నాది. నాకు పెళ్లై, మొగుడు పోయి, తిరిగి అమ్మ ఇంటికి చేరినాక కూడా ఆ ఉండ నాదే. సంగట్లో మేము ఉప్పు వేయం, ఉన్న ఉప్పంతా ఊరిబిండిలోనే. నా వంటకు అమ్మ ఎప్పుడూ పెట్టే వంక కూడా ఉప్పే.

నేను ఊరు విడిచిన రోజు ఏజెంటు జీపు గుమ్మం ముందు నిలబడి ఒకటే హారన్. అమ్మ పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది.

"ఇది తినేసి పో మే," అంది.

"వచ్చినాక తింటాలే మ్మా," అని ఎక్కేశాను. కోపంతో కాదు, తొందరలో.

పెరూ వాళ్ల ఇంట్లో చేరిన కొన్నాళ్లకు అమ్మ పోయింది. చెల్లెలి దగ్గర పాత ఇంటి నంబరే ఉంది. ఖాళీ ఇంట్లో ఫోన్ మోగుతూ ఉండిపోయింది. చివరికి ఎవరినో పట్టుకుని, మా వీధి మలయాళీ కొట్టు నంబరు సంపాదించి చెప్పింది. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. కొట్టాయన మనిషిని పంపినప్పుడు నేను గిన్నెలు కడుగుతున్నాను. సబ్బు చేతులతోనే పరుగెత్తాను.

చెల్లెలు ఏడుస్తూ ఒక మాట చెప్పింది. "నువ్వు పోయినాక గూడా రోజూ ముద్ద తీసిపెడతాండె అక్కా. వాకిలి దిక్కు సూసి సూసి, కడాకు కుక్కకు ఏస్తాండె."

ఆ మాట వినకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కడసారి చూపు దక్కనివాళ్లు ఆ దేశంలో ఎందరో ఉన్నారు, నేను ఒక్కదాన్నే కాదు. కానీ అమ్మ నా మీద నొచ్చుకుని పోయిందా, లేదా? నాకు కావలసింది అదొక్కటే. అడగడానికి మనిషి లేదు.

అక్టోబరు చివర్లో సెనోరా పిండి కలిపి, పసిపిల్లల ఆకారంలో రొట్టెలు కాల్చింది. వాటికి కళ్లూ ముక్కూ దిద్దింది. ఏమిటంటే, వాళ్ల కొండ ఊళ్లలో పోయినవాళ్లు నవంబరు మొదటి రోజు మధ్యాహ్నం ఇంటికి వస్తారట, మర్నాడు మధ్యాహ్నం వెళ్లిపోతారట. దూరం నుంచి వచ్చే చుట్టాలు కాబట్టి వాళ్లకు ఇష్టమైనవన్నీ బల్ల మీద పెడతారు. వాళ్ల నాన్నకు ఉడికించిన ఆలుగడ్డల మీద మిరపకాయ, జున్ను నూరి పోసిన పసుపుపచ్చటి ముద్దకూర ఇష్టమట. ఒకటో తారీఖున అది వండి బల్ల మీద పెట్టి, పక్కన గ్లాసులో మొక్కజొన్న కాచిన నీళ్లు పెట్టింది.

పెద్దలకు పెట్టడం మనకూ ఉన్నదే కదా అని నేను చూస్తున్నాను. ఆమె బల్లకు రెండో వైపు ఖాళీ పళ్లెం పెట్టి, "ఇది మీ అమ్మకు," అంది.

ఊళ్లో ఇంకో ఇంట్లో పనిచేసే మా జిల్లా ఆవిడ దగ్గర రాగిపిండి ఉంటే అడిగి తెచ్చాను. సంగటి కెలికాను, ఊరిబిండి నూరాను. పెద్దలకు పెట్టేది రుచి చూడకూడదు కాబట్టి చూడలేదు. సంగటి పెద్ద ముద్దగా పళ్లెంలో పెట్టి, పక్కన గిన్నెలో ఊరిబిండి, చెంబుతో నీళ్లు పెట్టాను. నాకైతే నమ్మకం ఏమీ లేదు. సెనోరా మనసు ఎందుకు కష్టపెట్టాలి అనుకున్నానంతే.

మర్నాడు పొద్దున సెనోరా తన నాన్న పళ్లెం పక్కన కుర్చీలో కూర్చుని ఏదో కబుర్లు చెబుతోంది. నన్ను కూడా పిలిచి, అమ్మ పక్కన కుర్చీ లాగింది. కూర్చో, మాట్లాడు, చుట్టం వస్తే ఒంటరిగా వదిలేస్తామా అంది. నేను మామూలుగానే గిన్నెలు ఉన్నాయని వంటింట్లోకి పోయాను. నిజానికి ఆ రోజు కడగాల్సిన గిన్నెలు పెద్దగా ఏం లేవు. కడిగినవే మళ్లీ కడిగాను.

మధ్యాహ్నం మసీదులో అజాన్ వినపడింది. సెనోరా తన నాన్నను సాగనంపడానికి గ్లాసు తీసుకుని వాకిట్లోకి వెళ్లి, నేల మీద పోస్తోంది. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. సార్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఇక బల్ల తీసేద్దామని నేను చేతులు తుడుచుకుంటూ ఆ గదిలోకి వెళ్లాను.

అమ్మ పళ్లెం అంచున చిన్న ఉండ ఉంది.

పెద్ద ముద్ద ఒక పక్క కాస్త తరిగింది. ఉండ మీద మూసేసిన చోట బొటనవేలి నొక్కు ఉంది. నాకు భయం వేయలేదు. వేయకపోవడమే ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంటుంది. నిలబడే నోట్లో పెట్టుకున్నాను. లోపల ఊరిబిండి ఉంది. ఉప్పూ కారం సరిగ్గా, అమ్మ చేతి లెక్కన ఉంది.

ఈలోగా సెనోరా వచ్చింది. వాళ్ల ఆచారం ప్రకారం చుట్టాలు వెళ్లాక ఆ భోజనం ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. ఆమె సంగటి తుంచి, గిన్నెలో ఊరిబిండి అద్దుకుని తిని, మొహం ఒక రకంగా పెట్టింది. ఉప్పు లేదంది. నేను గిన్నెలో వేలు పెట్టి చూశాను. చప్పగా ఉంది. నేను అసలు ఉప్పు వేయడమే మరిచిపోయాను. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఉప్పు డబ్బా పొద్దున్నుంచీ వంటింట్లో నా మోచేతి దగ్గరే ఉంది.

అప్పుడు కూర్చున్నాను, అమ్మ పక్కన లాగిపెట్టిన ఆ కుర్చీలోనే. అప్పుడు ఏడుపు వచ్చింది. సెనోరా నా తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది.

ఆ ఉండ నువ్వు చేశావా అని ఆమెను తర్వాత అడిగాను. మెడలో శిలువ పట్టుకుని లేదంది. ఆమె ఒక్కతే ఆ గదిలో కూర్చుని ఉన్న సమయం ఉంది, నేను చూడలేదు కాబట్టి ఏదీ గట్టిగా చెప్పలేను. అమ్మ ముద్ద సంగతి మాటల్లో ఎప్పుడో చెప్పే ఉంటాను. కానీ బొటనవేలితో గుంట చేయడం చెప్పానా? వచ్చీరాని ఇంగ్లీషులో అది ఎలా చెప్పి ఉంటాను? పోనీ అన్నీ ఆమే చేసిందనుకుందాం. ఉప్పు ఎక్కడిది?

నీ కన్నీళ్ల ఉప్పేమో అక్కా అని చెల్లెలు అంటుంది. మంచి మాటే. కానీ నేను ఏడ్చింది తిన్న తర్వాత.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. అది దయ్యం కాదు. ఏమిటో మాత్రం నాకు తెలియదు. అమ్మ నొచ్చుకోలేదని ఆ రోజు తెలిసిపోయింది, అది చాలు అనుకోవాలి. అనుకోలేకపోతున్నాను. నేను గోడకు అవతల కడిగిన గిన్నెలే కడుగుతూ ఉండగా, ఇవతల అమ్మ ఒక్కతే కూర్చుని నాకోసం ముద్ద చేసిందేమో అన్న ఆలోచన వదలదు. ఎంతసేపు కూర్చుందో, వంటింటి వాకిలి దిక్కు ఎన్నిసార్లు చూసిందో.

ఒమాన్ నుంచి వచ్చేసి చాలా ఏళ్లయింది. ఏటా ఆ రెండు రోజులూ సంగటి చేసి, ఉప్పు వేయకుండా ఊరిబిండి నూరి, బల్ల మీద పెడతాను. ఇప్పుడు నాకూ ఒక బల్ల, రెండు కుర్చీలు ఉన్నాయి. ఒక గిన్నె కూడా ముట్టుకోను. రెండో రోజు పొద్దున్నుంచి ఆ పళ్లెం పక్కనే కూర్చుని, నోటికొచ్చిన కబుర్లన్నీ చెబుతాను.

మధ్యాహ్నం దాటాక పళ్లెం అంచు చూస్తాను, అక్కడ ఏ ఉండా కనబడదు. ఊరిబిండి వేలితో తీసి రుచి చూస్తాను. ఇంతవరకూ చప్పగానే ఉంది.