ఎముకకు మరలు కోసిన ఉప్పలయ్య

బ్రహ్మదేవుడు మనుషులకు ఎముకలిచ్చాడు గానీ వాటికి స్క్రూలు ఇవ్వడం మరిచిపోయాడు. ఆ లోటు తీర్చినవాడు మా తాత ఉప్పలయ్య. ఆయనే లేకపోతే వరంగల్ జిల్లాలో సగం మంది కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయేవారు.

ఇంత గొప్పవాడి ఇంట్లో నులక మంచం కోడు మాత్రం పదేళ్లుగా ఊగుతూనే ఉంది. మా అమ్మమ్మ మొగిలమ్మ దాని కింద ఒక పెంకు ముక్క పెట్టుకుని పడుకుంటుంది.

తాత స్టేషన్ రోడ్డులో వీరభద్రం లేత్ షాపులో టర్నరు. పంపుసెట్ల షాఫ్టులు, ఎడ్లబండ్ల ఇరుసులు ఆయన పని. ముప్పై ఏళ్లు ఇనుము తిప్పీ తిప్పీ వేళ్ల కొసలకు స్పర్శ పోయింది. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేవాడు. చిన్నప్పుడు ఆయన నిద్రపోతుంటే నేను వేలికి పిన్నీసు గుచ్చి చూసేదాన్ని. గురక ఆగేది కాదు.

1979లో హనుమకొండ నుంచి ఒక డాక్టరు ఆ షాపుకు వచ్చాడు. పేరు రాజేశ్వర్ రావు. చిన్న దవాఖాన నడిపేవాడు. జనం బొక్కల డాక్టర్, అంటే ఎముకల డాక్టర్, అనేవారు. ఐసు పెట్టిన డబ్బాలోంచి గుడ్డలో చుట్టిన ముక్క ఒకటి తీసి తాత ముందు పెట్టాడు.

“ఇదేంది సార్?”

“మనిషి బొక్క. దీంతోని స్క్రూ చెయ్యాలె.”

“ఎవలిది?”

“లారీ కింద కాలు నుజ్జయినోనిది. కాలు తీసేసినం. పాడుకాని ముక్క ఇది. వాళ్లను అడిగే తీసుకున్న.”

“స్టీలు స్క్రూకు ఏమైంది సార్?”

“కొందరి బొక్కలు నానిన సుద్దముక్క లెక్క ఉంటయి ఉప్పలయ్యా. ప్లేటు పెట్టి స్టీలు స్క్రూ బిగిస్తే పట్టు దొరకది, వదులై ఊడొస్తది. బొక్క స్క్రూ అయితే కొన్నాళ్లకు ఆ కాల్లనే కలిసిపోతది.”

షాపు యజమాని వీరభద్రం ఈ మాటలు విని చాయ్ తాగడానికి వెళ్లాడు. ఆ తరువాత కూడా డాక్టరు డబ్బా ఎప్పుడొచ్చినా ఆయనకు చాయ్ గుర్తొచ్చేది.

మొదటి పదకొండు స్క్రూలు పగిలిపోయాయి. ఇనుము వేడెక్కితే నూనె పోస్తారు. ఎముకకు నూనె పనికిరాదు. అది వేడెక్కితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే ఇక ఆ ముక్క చీలిపోయినట్టే. తాత చివరికి మోటారు బెల్టు తీసేసి, ఎడమ చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు చుక్క చుక్కగా వేస్తూ మరలు కోయడం నేర్చుకున్నాడు. స్పర్శ లేని వేళ్లతో పట్టు తెలియదు కాబట్టి మాటిమాటికీ ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు. బొటనవేలంత పొడవు, రెండు అగ్గిపుల్లలంత మందం ఉండే స్క్రూ ఒకటి చేయడానికి ఒక పూట పట్టేది. దాన్ని డాక్టరు తీసుకుపోయి మళ్లీ శుద్ధి చేసుకునేవాడు.

సగం జిల్లా అన్నాను కదా. నిజం చెప్పాలంటే మూడేళ్లలో ఆయన స్క్రూలతో లేచి నిలబడినవాళ్లు నలుగురు.

ఒకసారి తాత స్క్రూలు ఇవ్వడానికి దవాఖానకు వెళ్లాడు. అక్కడ ధర్మసాగర్ గట్టయ్య కూర్చుని ఉన్నాడు. కొడుకు పోయాడు. కాలి ఎముక ఇస్తావా అని డాక్టరు అడిగితే, ఏం చెప్పాలో తోచక బొటనవేలికి అంటిన సిరా వంక చూస్తున్నాడు. తాత పక్కన కూర్చున్నాడు.

“ఇయ్యి అన్నా. కాలిపోయేదే గద. ఇంకొకల కాల్ల ఉంటే నడుస్తది.”

గట్టయ్య వేలిముద్ర వేశాడు. ఆ రోజు అన్నం తింటూ తాత ఈ సంగతి గొప్పగా చెప్పాడు. అమ్మమ్మ చారు పోస్తూ, “పరాయోళ్ల బిడ్డ మీద నీ పెద్దరికమేంది?” అంది.

1982 చలికాలంలో మా వెంకట్రాజం మామ పోయాడు. మా అమ్మకు తమ్ముడు, తాత కొడుకు. ఇరవై మూడేళ్లు. పరకాలలో రేడియోలు బాగుచేసేవాడు. సైకిల్ మీద వస్తుంటే రోడ్డు మీద బస్సు తగిలింది. ఆ డాక్టరు దవాఖానలోనే మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. లోపల మరిపెడ నుంచి వచ్చిన పూలమ్మ అనే ఆమె రెండు నెలలుగా మంచం మీద ఉంది. ఆమె కాలికి పెట్టిన ప్లేటు రెండోసారి ఊడింది. తాతకు ఆ సంగతి తెలుసు.

డాక్టరు ఏమీ అడగలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. తాత గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ అడిగాడు.

“ఎడమ కాలు బాగనే ఉన్నది గద సార్?”

“ఉన్నది.”

“తీసుకో.”

మోకాలి కింద ఎముక తీసి, ఆ చోట వెదురు కర్ర పెట్టి కుట్టారు. ఇంటికి తెచ్చాక చూసినవాళ్లకు కాలు కాలులాగే ఉంది. తాత అమ్మమ్మకు చెప్పలేదు. సాయంత్రం కాల్చారు.

మర్నాడు తాత, ఎవరో పెట్టింది తిని, రోజూ వెళ్లే వేళకే షాపుకు వెళ్లాడు. డాక్టరు డబ్బాతో అప్పటికే అక్కడ ఉన్నాడు. వేరే టర్నరును చూస్తానన్నాడు.

“వేరేటోడు పగలగొడ్తడు సార్. పగిలితే పారేస్తరు.”

వీరభద్రం వాకిట్లోనే ఆగిపోయాడు. “మైలల ఉండి మిషన్ ముడ్తవా కాకా?”

“నువ్వు చాయ్ తాగిరాపో.”

ఆయన వెళ్లాడు. తాత బెల్టు తీసి చక్రం చేత్తో తిప్పాడు. పొద్దు వాలేసరికి మూడు స్క్రూలు చేశాడు. ఒక్కటీ పగల్లేదు. లేత్ కింద పళ్లెంలో పడిన పొట్టును ఎప్పుడూ కాగితంలో చుట్టి షాపు వెనక పూడ్చేవాడు. ఆ రోజు తడి కుంచెతో మొత్తం ఊడ్చి తన దస్తీలో ముడి వేసుకున్నాడు.

మూడో నాడు ఎముకలు ఏరడానికి వెళ్లాం. మాలో ఆడవాళ్లూ వెళ్తారు. పాలు చల్లి, బూడిద చల్లారాక, పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా వరుసగా ఏరి కొత్త కుండలో వేయాలి. అప్పుడే మనిషి నిలబడినట్టు కుండలోకి వెళ్తాడు. పాదాల నుంచి ఏరే పని తల్లిది. అమ్మమ్మ కుడి కాలు ఏరింది. ఎడమ వైపు పాదం ఏరింది. ఆ పైన వేళ్లతో బూడిద జరిపింది. మళ్లీ జరిపింది.

“ఈడ బొక్క లేదు,” అంది.

“కాలిపోయి ఉంటది తియ్యి అత్తా,” అన్నారెవరో.

“కుడిదానికి లేని మంట ఎడమదానికి ఎక్కడిది?”

అమ్మమ్మ పై ఎముక ముట్టుకోకుండా అలాగే కూర్చుంది. వరుస తప్పి పైది ఏరకూడదు. తాత వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. దస్తీ విప్పి ఆ తెల్లటి పొట్టును కుండలో, పాదం ఎముకల పైన పోశాడు.

“ఇంత మిగిలింది. కడమది దవాఖానల ఇచ్చిన.”

అమ్మమ్మ ఆ పొట్టు వంక చూసింది. తరువాత మోకాలి దగ్గర మొదలుపెట్టి పైవి ఏరింది. ఏడవలేదు. ఇంటికొచ్చే దారిలో ఒక్క మాట అడిగింది.

“ఎవలికి?”

“మరిపెడ ఆమెకు.”

ఆ తరువాత ఎనిమిది నెలలు ఆమె తాతతో మాట్లాడలేదు. వండేది, పెట్టేది, ఆయన చొక్కా ఉతికేది. ఏదైనా కావాలంటే నాతో చెప్పేది. “మీ తాతకు చెప్పు, ఉప్పు అయిపోయింది.” తాత రెండడుగుల దూరంలోనే ఉండేవాడు. నేను ఒకరోజు కావాలనే “తాతా, బెల్లం అయిపోయిందట” అన్నాను. ఆయన వెళ్లి బెల్లం తెచ్చాడు. అమ్మమ్మ దాన్ని డబ్బాలో పెట్టింది. ఆ రోజు చప్పటి పప్పే తిన్నాం. ఎవరూ నవ్వలేదు, నన్ను తిట్టనూ లేదు. అల్లరి చేస్తే తిట్టేవాళ్లు లేని ఇంట్లో అల్లరి చేయడం కష్టం.

ఎనిమిదో నెలలో ఎండుమిరపకాయల సంచి నెత్తిన పెట్టుకుని ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. వాకిట్లో నిలబడి, తాను మరిపెడ పూలమ్మనని, డాక్టరు సారు చెబితే వచ్చానని చెప్పింది. ఎవరి ఎముకో ఆమెకు తెలియదు. స్క్రూలు చేసిన మనిషిని చూద్దామని వచ్చింది, అంతే.

తాత ఆమె ముఖం చూడలేదు. “ఆ గోడ దాక నడిచిరా,” అన్నాడు. ఆమె సంచి దించి నడిచింది. కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంది గానీ నడక నడకే. “ఇంకోసారి,” అన్నాడు. మళ్లీ నడిచింది.

అమ్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎవరొచ్చినా కాళ్లకు నీళ్లు ఇస్తారు, ఎవరి కాళ్లు వాళ్లు కడుక్కుంటారు. అమ్మమ్మ చెంబు ఇవ్వలేదు. వంగి, కుట్ల మచ్చ ఉన్న ఆమె ఎడమ కాలి మీద తానే నీళ్లు పోసింది. మోకాలి కింది నుంచి మడమ దాకా అరచేత్తో మెల్లగా రాసింది.

“అయ్యో, పెద్దదానివి, గిదేంది అక్కా?” అని పూలమ్మ వెనక్కి జరగబోయింది.

“జర నిలవడు,” అంది అమ్మమ్మ.

కుడి కాలికి మాత్రం చెంబు చేతికిచ్చింది. తరువాత తాత వైపు తిరగకుండానే, “బువ్వ తిని పోతది. కోడిగుడ్లు పట్కరా,” అంది. నాతో కాదు. తాత లేచి చొక్కా వేసుకున్నాడు. గుడ్లు తెచ్చాడు. మంచం కోడు కింద పెంకు ముక్క ఇప్పటికీ అలాగే ఉంది.

ఏడో తరగతితో ఆగిన చదువుతో నేను ఇదంతా ఒక నోటుబుక్కులో రాసి, మొన్న తాతకు చదివి వినిపించాను. బ్రహ్మదేవుడి మాట వచ్చిన చోట గట్టిగా చదివాను, తాతకు చెవులు కూడా సరిగా వినపడవు. అంతా విన్నాడు. ఎలా ఉందని అడిగాను.

“బ్రహ్మను కొట్టెయ్. వెంకట్రాజం బతికుంటే చాలు, మరిపెడ ఆమె కుంటినా నాకేం ఫికర్ లేకుండె. అది రాయి పిల్లా, లేకుంటే చింపెయ్.”