అభ్యంతరం దొరకని పెళ్ళి

తన పేరు తప్పుగా చదివినప్పుడు చిన్నతల్లి నోరు ఎందుకు పెగల్లేదు? ఈ ప్రశ్నకు ఊళ్ళోవాళ్ళకు ఈనాటికీ జవాబు దొరకలేదు. కోటబొమ్మాళి బజారులో జాకెట్టు గుడ్డ పావుగజం తక్కువ తెచ్చినా మనిషిని నిలబెట్టి దులిపేసే ఆడది, నిండు సంఘంలో చాప మీద కిక్కురుమనకుండా కూర్చుండిపోయింది.

చిన్నతల్లికి నలభై తొమ్మిదేళ్ళు. అన్నావదినలు ఒకే ఏడాది పోతే, వాళ్ళ కూతురు యమునను మిషను కుట్టి పెంచింది. పెళ్ళి ఊసు తన దాకా రానివ్వలేదు. యమునకు భోగాపురం కుర్రాడు దేవేంద్రతో సంబంధం కుదిరాక, తన సంగతి కూడా తనే తేల్చేసుకుంది. పిల్లను సాగనంపిన మర్నాడే కొత్తవలసలో ఆడపిల్లల హాస్టలుకు వంటమనిషిగా వెళ్ళిపోవాలి. మిగిలిన బతుకు ప్రభువు సేవలో గడపాలి. ఆ మాట హాస్టలు వాళ్ళకు చెప్పింది. ప్రార్థనలో దేవుడికీ చెప్పేసింది.

చర్చి సంఘంలో పెళ్ళంటే మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. అమ్మాయి ఊళ్ళోనూ అబ్బాయి ఊళ్ళోనూ పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమని అడుగుతారు. కాయితం నింపింది చిన్నతల్లే. యమునకు తండ్రి లేడు కనుక సంరక్షకుల గడిలో తన పేరు రాసింది. దేవేంద్రకూ తండ్రి లేడు కనుక అతని చిన్నాన్న దాలయ్య పేరు రాసింది.

మొదటి ఆదివారం పాస్టరు త్రినాథ్ గారు, కంటి ఆపరేషనై వారం తిరగని మనిషి, గొంతు సవరించుకుని గంభీరంగా చదివారు.

"భోగాపురం కాపురస్తుడు దాలయ్యకును, ఈ సంఘ సభ్యురాలు చిన్నతల్లికిని వివాహము జరుగనైయున్నది. అభ్యంతరము గలవారు తెలుపవలెను."

ఆడవాళ్ళ వైపు గాజులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. యమున చున్నీ నోట్లో కుక్కుకుంది. పక్కనున్న ముసలి తాతమ్మ మోచేత్తో పొడిచింది.

"ఒసే, నాకో మాట సెప్పొద్దేటే? పెళ్ళికొడుక్కి పళ్ళున్నాయా?"

లేచి తప్పని అరుద్దామనుకుంది చిన్నతల్లి. కడుపులోంచి గోలీసోడా కొట్టినట్టు ఏదో తన్నుకొచ్చింది. కోపం కాబోలనుకుంది. తీరా చూస్తే నవ్వు. దాన్ని ఆపుకోవడంలోనే అభ్యంతరం చెప్పే సమయం దాటిపోయింది.

ఆరాధన అయ్యాక ఆయన్ని గుమ్మంలో పట్టుకుంది. "అయ్యగారూ, ఏటి సదివేరు?"

పాస్టరు గారు కాయితం ముక్కుకు ఆనించి చూసుకున్నారు. "అయ్యో తల్లీ! పెళ్ళోళ్ళ పేర్ల బదులు గార్డియన్ల పేర్లు రాసీసేను. భోగాపురం సంఘానికీ ఇదే పంపేను."

"అక్కడా సదివేస్తారా?"

"ఈపాటికి సదివేసే ఉంటారమ్మా."

సోమవారం పొద్దున్నే దాలయ్య బస్సు దిగాడు. ఏడేళ్ళ క్రితం భార్య పోయిన మనిషి, కొబ్బరి మొక్కలు పెంచి అమ్ముకుంటాడు. చంకలో రెండు మొక్కలతో చిన్నతల్లి కుట్టు కొట్టుకు వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మా కాడా సదివేరండి."

"మరి లెగిసి తప్పని సెప్పొద్దా మీరు?"

"సెబ్దామనే లెగిసేను. అభ్యంతరం ఏటున్నాదా అని ఎతికేను. దొరకనేదు. మళ్ళీ కూకుండిపోనాను."

చిన్నతల్లి కత్తెర ఆగిపోయింది. "నాను కొత్తవలస ఎల్పోతన్నానండి. దేవుడికి సెప్పేసేను."

"ఆయనేటన్నాడు?"

జవాబిద్దామని నోరు తెరిచింది. హాస్టలు పేరు చెప్పింది, నెల చెప్పింది, ఎక్కబోయే రైలు కూడా చెప్పింది దేవుడికి. చెప్పి, ఆమేనని లేచిపోయింది. ఆయన ఏమంటాడోనని ఒక్కనాడూ ఆగలేదు.

"ఏటీ అన్నేదు," అంది గొంతు తగ్గించి.

"నిన్న గట్టిగానే అన్నాడు గదండీ, రెండూళ్ళలోను."

అతను వెళ్ళాక ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టింది. వారమంతా ఒకటే గుబులు. ఇది నిజంగా దేవుడి మాటేనా, లేక ముదిరిన వయసులో తనకు పుట్టిన సోకా? ప్రభువు కోసమని అట్టేపెట్టుకున్న బతుకును వేరే దారిలో పెడితే తప్పు కాదా? యమునకు మాత్రం పొట్ట చెక్కలయ్యే నవ్వు.

"మేనత్తవి సాలక మళ్ళీ అత్తవి కూడా అవుతావేటి! ఇంక నాను మొగుడి మీద ఎవరికి సెప్పుకోవాల?"

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు తలుపు వేసుకుని మోకరించింది. "ప్రభువా, నాననుకున్నది నీకు సెప్పేసేను. నువ్వనుకున్నదేటో సెప్పు. ఏదైనా సరే, ఇంటాను," అని నోరు మూసుకుంది. ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. మళ్ళీ ఆ గోలీసోడాయే పొంగింది. మోకాళ్ళ మీదే, కళ్ళు మూసుకునే, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. నవ్వు తగ్గేసరికి గుబులూ లేదు. కొత్తవలసకు ఫోను చేస్తే, ఆ పని కోసం ఇంకొకావిడ రోజూ వచ్చి అడుగుతోందనీ, ఆమెను పెట్టుకుంటామనీ అన్నారు.

రెండో ఆదివారం పాస్టరు గారు వేదిక మీద నుంచి ఆమె వైపు చూశారు. "సవరణ సదవనామ్మా?"

చిన్నతల్లి లేచి నిలబడింది. "సవరణొద్దయ్యగారూ. పిల్లదానికి ఏరే కాయితం రాయండి. నాది రెండోసారి సదివీయండి."

సంఘమంతా గొల్లుమంది. తాతమ్మ లేచి చప్పట్లు కొట్టింది. ఆ గోలలో అభ్యంతరాల సంగతి పాస్టరు గారే మరిచిపోయారు.

ప్రకటనలన్నీ పూర్తయ్యాక ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళూ జరిగాయి. ముందు మేనకోడలు, ఆ వెనుక మేనత్త, ఇద్దరికీ తెల్లచీరలే. విందయ్యాక ఆడవాళ్ళంతా ఏడవడానికి సిద్ధమై మందిరం గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. రెండు జంటలనూ భోగాపురం తీసుకెళ్ళడానికి జీపొకటి వచ్చి ఆగింది. చిన్నతల్లి దాలయ్య వెనకాలే వచ్చింది. అతను చెవిలో ఏమన్నాడో ఏమో, పగలబడి నవ్వుతూ జీపెక్కి కూర్చుంది. అందరూ ఎక్కారనుకుని డ్రైవరు బండి కదిలించాడు.

తాతమ్మ కొంగు కళ్ళకు అద్దుకోబోయి ఆగిపోయింది. మెడలో దండలతో యమునా దేవేంద్రా గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"అత్తా, మేమో!" యమున అరుస్తూ పరిగెత్తింది.

జీపు అప్పటికే సందు మలుపు తిరిగింది. చిన్నతల్లి వెనక్కి చూడలేదు. వెళ్ళొస్తానని ఎవరితోనూ అనలేదు.