మూడో చుట్టు

మార్లిస్ హౌగెన్ అయోవా మొక్కజొన్న చేల మధ్య పెరిగింది. ఇరవై రెండేళ్లు వచ్చినా సముద్రం మొహం చూసి ఎరగదు. 1967 వసంతంలో, చదువు పూర్తికావస్తుండగా, సియాటిల్‌లో సముద్ర పటాలు గీసే ఆఫీసు నుంచి ఆమెకు ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. పెళ్లి చేసుకుందామని వెంటపడుతున్న డ్వైట్‌తో "శుక్రవారం చెబుతా" అంది. చెప్పదలచుకున్నది కాదనే. ధైర్యం కూడగట్టుకోవడానికే ఆ గడువు.

బుధవారం భోజనాలు కాగానే, కాలేజీ అమ్మాయిలు కలిసి ఉండే సోదరీ సంఘం ఇంట్లో దీపాలు ఆర్పేశారు. నలభై మంది అమ్మాయిలు హాల్లో గుండ్రంగా నిలబడ్డారు. వెలిగించిన కొవ్వొత్తి, దానికి రిబ్బనుతో కట్టిన ఉంగరం చేతులు మారసాగాయి. వాళ్లలో ఒకరికి పెళ్లి కుదిరినప్పుడల్లా చేసే వేడుక ఇది. ఎవరికి కుదిరిందో ముందే చెప్పకూడదు. మొదటి చుట్టు స్నేహానికి, రెండోది ప్రేమకు. మూడో చుట్టులో పెళ్లికూతురు తన చేతికి రాగానే కొవ్వొత్తి ఊది ఆర్పాలి.

"నాలుగో చుట్టుకు పోయిందంటే ఉయ్యాల కొనాల్సిందేనే!" అని ఎవరో అనేసరికి అందరూ గొల్లుమన్నారు.

మార్లిస్ కూడా నవ్వింది, ఉంగరం తన చేతికి వచ్చేదాకా. ఆ నీలం రాయి డ్వైట్ నాయనమ్మది. చెయ్యి కాలినట్టు పక్కమ్మాయికి అందించేసింది. ఎదురుగా ఆమె గదిలోనే ఉండే జోలీన్ ముసిముసిగా నవ్వుతోంది.

రెండో చుట్టు తిరుగుతుండగా కిటికీ కింద మగపిల్లలు గొంతులు సవరించుకోవడం వినిపించింది. డ్వైట్ ఉండే మగపిల్లల సంఘం వాళ్లు, పెళ్లి కుదిరిన అమ్మాయికి ఆనవాయితీగా పాడే పాట పాడడానికి వచ్చేశారు. ఇప్పుడు ఊదకపోతే వాళ్లందరి ముందు అతని పరువు గంగలో కలుస్తుంది. ఈ నలభై మందిలో ఒక్కతైనా చెడ్డది ఉంటే మార్లిస్ దానిమీద విరుచుకుపడి బయటపడేది. అందరూ మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు.

"ఊదవే మొద్దూ!" అంది జోలీన్, మూడోసారి కొవ్వొత్తి చేతికి రాగానే.

మార్లిస్ ఊదింది. కేకలు, కౌగిలింతలు, బయట పాట. మర్నాడు సియాటిల్‌కు రాలేనని మూడు ముక్కల్లో రాసి పడేసింది.

తర్వాత ముగ్గురు పిల్లలు, పందుల పెంపకం, ఆదివారం చర్చి. డ్వైట్ ఏనాడూ మాట తూలలేదు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత జోలీన్ పోయింది. అంత్యక్రియల నుంచి తిరిగొస్తూ కారులో డ్వైట్ ఉన్నట్టుండి నవ్వాడు.

"పాపం, జోలీన్‌ది ఒట్టి హడావుడి. ఉంగరం నేను దాచమని ఇచ్చానంతే. ఆ బుధవారం తనే ఫోన్ చేసి, కుర్రాళ్లని వెంటేసుకుని రమ్మంది. నువ్వే ఒప్పేసుకున్నావనుకున్నా. లేకపోతే శుక్రవారం దాకా ఆగేవాణ్ణే."

మార్లిస్ కిటికీ వైపు తిరిగింది.

"ఇంతకీ శుక్రవారం ఏం చెప్పేదానివి?" అన్నాడు డ్వైట్. అడిగి, ఆమెకేసే చూస్తున్నాడు.

"ఏం చెబుతాను, సరే అనేదాన్నే. రోడ్డు చూసి నడుపు."

డ్వైట్ తృప్తిగా తలాడించాడు. ఇంటికింకా నలభై మైళ్లుంది.