మేమంతా ఉద్యోగంలో చేరిన రోజు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నా వయసు చాలదని మా అక్క అభిప్రాయం. “జ్ఞానదంతమైనా రానేదు, అప్పుడే ఆ రోజులేటే నీకు?” అంటుంది. నిజమే. కానీ మా కొండల్లో కాలం కొంచెం వేరుగా నడుస్తుంది. నాకు పదేళ్ళప్పుడు మా ఊళ్ళో సెల్‌ఫోను మాట్లాడాలంటే ఊరి వెనక బండరాయి ఎక్కి, అరకు వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఇప్పుడు మా మామ్మ మంచం మీద పడుకుని ఒడిశాలో ఉన్న తన చెల్లెలితో వీడియోలో పోట్లాడుతోంది. ఇంత తేడా వచ్చిన కాలాన్ని ‘ఆ రోజులు’ అనక ఏమనాలి? పైగా ఆ రోజుల్లో నేను ఉద్యోగం చేశాను. సుమారు అరగంట. తర్వాత డిగ్రీ చదివి, విశాఖపట్నంలో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను గానీ, అంత హోదా మళ్ళీ దక్కలేదు.

మా ఊరు డుంబ్రిగుడ దాటాక కొండ వాలులో ఉంటుంది. ఆ ఏడాది లోయలో పిల్లల కోసం ఒక పెద్ద పార్కు కట్టారు. లోపలున్నదంతా అడవిలా ఉండాలని వాళ్ళ ఆలోచన. అందుకని అక్కడున్న చెట్లు కొట్టేసి, ఆ ఖాళీలో సిమెంటుతో అడవి కట్టారు. (ఈ సంగతి మా నాన్న రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. రెండోసారీ అర్థం కాలేదు.) సిమెంటు ఏనుగు, సిమెంటు జలపాతం, నోరు తెరిచిన సిమెంటు పులి. ఆ పులి నోట్లోకి దూరి తోక కింది నుంచి బయటికొచ్చే చిన్న రైలు ఒకటి. ఆ రైలుకి డ్రైవరు మా అక్క.

ఈ వాక్యం రాసి కాసేపు ఆగాను. నోటితో చెప్పినా అక్కడ అలాగే ఆగుతాను.

నాన్న సంతలకి జీపు నడిపేవాడు. ఆ జీపు మీదే అక్క స్టీరింగు పట్టడం నేర్చుకుంది. పార్కులో ఊడ్చే పనికి దరఖాస్తు పెట్టమంటే, రైలు నడిపే పనికి పెట్టి వచ్చింది. అక్కడి మేనేజరుకి ఏ చిక్కు వచ్చినా కళ్ళజోడు తీసి తుడుచుకునే అలవాటు ఉండేది. అందుకని మేం ఆయన్ని తుడుపు సారు అనేవాళ్ళం. అక్క దరఖాస్తు చూసి ఆయన చాలాసేపు తుడిచాడట. చివరికి, “నెలరోజులు పాత డ్రైవరు పక్కన కూర్చుని నేర్చుకో. తర్వాత ఒక వారం ఒంటరిగా నడుపు. ఆ వారంలో ఏ తేడా వచ్చినా టికెట్లు చింపే గేటు దగ్గరికి పంపేస్తాను. మళ్ళీ ఇంజను మాట ఎత్తకూడదు” అన్నాడు. అక్క సరేనంది. నెల అయ్యాక రెండు జతల యూనిఫాం ఇచ్చారు. ఆకుపచ్చ చొక్కా, నారింజ రంగు కాలరు, జేబు మీద పసుపు చిలక. ఒంటరిగా బండి తీసేది ఆదివారం నుంచి.

మామ్మ ఆ చొక్కాని ఇటూ అటూ తిప్పి చూసింది. మా వైపు ధింసా ఆడేటప్పుడు ఆడవాళ్ళందరూ ఒకే రంగు చీర కట్టి, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా కదులుతారు. ఒకే గుడ్డ కట్టినవాళ్ళు ఒక జట్టు. జట్టులో ఒక్కతే రంగు చీర కట్టి మిగతావాళ్ళు మామూలు చీరల్లో వస్తే, ఆ ఒక్కదానికీ వెనక ఎవరూ లేరని లెక్క. ఆ వరసకి ముందు నడిచే మనిషి మా మామ్మ. కాబట్టి తీర్పు వెంటనే వచ్చింది.

“ఒక్క గుంటే కట్టుకుంటే ఏటి బాగుంటాది? దానెనక ఎవులూ నేరనుకోరా? మనమందరం ఇదే గుడ్డ కట్టి ఎల్దాం.”

(గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అది జీతానికి ఇచ్చిన చొక్కా అని, జట్టుకి ఇచ్చింది కాదని చెప్పగలిగిన తెలివి ఆ పూట మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర అసలే లేదు. నాకు కొత్త చొక్కా వస్తోంది.)

అక్కకి తెలియకుండా ఒక జత సంతకి వెళ్ళింది. ఎండుచేపల వరసకీ కుండల వరసకీ మధ్య మిషను పెట్టుకుని కూర్చునే టైలరు మావ దాన్ని చూసి, “చిలక నావల్ల కాదమ్మా. కోడైతే సెయ్యి తిరిగింది” అన్నాడు. “ఏదో పిట్ట ఎయ్యి, బేగి ఎయ్యి” అంది మామ్మ. పొద్దుగూకే లోపు మా పిన్నుల పిల్లలకీ, అత్తల పిల్లలకీ, నాకూ కలిపి తొమ్మిది చొక్కాలు తయారయ్యాయి. జేబుల మీద పిట్టలు చిలకల్లా లేవు, కోళ్ళలానూ లేవు. ఆ రెండూ ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నట్టున్నాయి. మిగిలిన గుడ్డకి నారింజ అంచు వేయించి మామ్మ భుజాన కప్పుకుంది.

ఆదివారం అక్క చీకటుండగానే ఆటోలో వెళ్ళిపోయింది. ఆమెని ఆశ్చర్యపరచాలని మేం తర్వాత నాన్న జీపులో దిగాం. మమ్మల్ని దింపి నాన్న సవారీకి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కాపలా మనిషి మా వరసని పైనుంచి కిందికి చూసి, “ప్రోగ్రామా?” అన్నాడు. యూనిఫాం వేసుకున్న మనిషి ఏం అడిగినా ‘ఆఁ’ అనడం మామ్మ పద్ధతి. “ఆఁ” అంది. అతను టికెట్ల గేటు కాకుండా పక్కనున్న సిబ్బంది గేటు తెరిచాడు. మామ్మ మా వైపు తిరిగి, “సూసినారా? మన గుంటంటే ఎంత మరియాదో!” అంది. నేను తల ఎత్తుకుని నడిచాను. నా ఎత్తుకి తల ఎత్తినా ఎత్తకపోయినా పెద్ద తేడా ఉండదు, అయినా ఎత్తాను.

లోపల అయిదు నిమిషాలు గడిచాయో లేదో, కింద మైదానం నుంచి వచ్చిన ఒక యాత్రికుడు వంగి, “పాపా, బాత్రూం ఎటు?” అని నన్ను అడిగాడు. పదేళ్ళలో నన్ను ఎవరూ ఏ దారీ అడగలేదు. తెలియదంటే చొక్కాకి అవమానం. ఏనుగు వెనక్కి చెయ్యి చూపించాను. (అక్కడ నిజంగానే ఉందని తర్వాత తెలిసింది. నా ఊహ నిజమైన సందర్భాలు తక్కువ కాబట్టి రాస్తున్నాను.) అప్పటికి మా జట్టు పూర్తిగా డ్యూటీలో దిగిపోయింది. మా పిన్ని కొడుకు గడ్డి మీద కూర్చున్న ఒక కుటుంబాన్ని లేపేశాడు. అన్నం తింటూ లేచారు పాపం. అందరికంటే చిన్నది, ఆరేళ్ళది, సిమెంటు పులి పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరితో ఫొటోలు దిగుతోంది.

నేను మాత్రం రైలు దగ్గరికి వెళ్ళాను. ప్లాట్‌ఫారానికి అడ్డంగా తాడు కట్టి ఉంది, తాడు ఇవతల జనం. అక్క కనబడలేదు. ప్రతి ట్రిప్పుకి ముందు డ్రైవరు దిగి, పెట్టెకీ పెట్టెకీ మధ్య ఉన్న కొక్కేన్ని చూసి, పిన్ను నొక్కి, ఆ తర్వాతే తనే వచ్చి తాడు తియ్యాలి. అక్క అవతల పక్క వంగి సరిగ్గా ఆ పని మీదే ఉంది. అది నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే: నీలం టోపీ పెట్టుకున్న ఒక ఆంటీ నా వైపు తిరిగి, “ఏమ్మా, ఇంకెంతసేపు? తాడు తియ్యకూడదా?” అంది.

ఏమ్మా! ఇంట్లో నన్ను ఒలే అంటారు, బళ్ళో ఒసే అంటారు. ఏమ్మా అన్న మొదటి మనిషి ఆవిడ. ఆ మాటకి తాడేమిటి, పట్టాలు పీకమన్నా పీకేదాన్ని. స్తంభం మీంచి తాడు తీసి, టీవీలో చీరల దుకాణం ప్రకటనలో విన్నట్టుగా “దయచేయండి” అన్నాను.

దయచేశారు. ముప్పై మంది ఒక్కసారిగా. పెట్టెలు కదిలాయి, ఇనుము ఇనుముకి కొట్టుకుంది, మధ్యలోంచి అక్క గొంతు వినిపించింది. “ఆగండి! ఎవులూ ఎక్కొద్దు!” అక్క లేచి నిలబడింది. కుడిచేతి వేళ్ళ కణుపుల మీద చర్మం లేచి రక్తం కనిపిస్తోంది. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా తీసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు నాకు తట్టలేదు. తట్టాక చాలా ఏళ్ళు వదల్లేదు.

తుడుపు సారు విజిల్ ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. “ఎవరు తీశారు తాడు?”

“మీ స్టాఫేనండీ” అని నీలం టోపీ ఆంటీ నన్ను చూపించింది. ఆయన నన్ను చూశాడు. నా జేబు మీద పిట్టని చూశాడు. గడ్డి కాపలా కాస్తున్న స్టాఫుని, పులి దగ్గర ఫొటోలు దిగుతున్న స్టాఫుని, ఒక్కొక్కర్నే చూశాడు. కళ్ళజోడు తీశాడు.

“వీళ్ళంతా ఎవరు?”

మామ్మ జనాన్ని పక్కకి తోసుకుని ముందుకొచ్చింది. “మా వోళ్ళే బాబూ. గుంట పనిలో సేరింది గదా, అందరం సేరినాం.”

ఆయన తుడవడం కూడా మానేసి అక్క వైపు తిరిగాడు. “మొదటి రోజు, మొదటి గంట. చూడు ఏమైందో. ఇప్పుడు ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.” ఆయన అడుగుతున్నది సలహా కాదని నాకు కూడా అర్థమైంది. టికెట్లు చింపే గేటు అక్కడినుంచి స్పష్టంగా కనిపిస్తోంది. మా అందరి చొక్కాలూ కలిసి అక్కని ఆ గేటు వైపు తోస్తున్నాయి. నేను ఏడవడానికి సిద్ధమయ్యాను. అక్క కూడా ఏడుస్తుందని, ఇద్దరం కలిసి ఏడిస్తే సారు కరుగుతాడని నా పథకం.

అక్క ఏడవలేదు. చేతికి రుమాలు చుట్టుకుని, మైకు తీసుకుని, మా ఇంట్లో ఎన్నడూ వినబడని తెలుగులో, “ప్రయాణికులకు మనవి. దయచేసి అందరూ కిందికి దిగి తాడు వెనక్కి వెళ్ళండి. తనిఖీ పూర్తయ్యాక నేనే పిలుస్తాను” అంది. అందరూ దిగారు. నీలం టోపీ ఆంటీ కూడా గొణుక్కుంటూ దిగింది. అప్పుడు అక్క నా దగ్గరికొచ్చింది.

“తాడు తియ్యడం ఎవుల పని?”

“నీది.”

“మరి నువ్వెవులు?”

మా అక్కే నన్ను ఎవరని అడుగుతోంది! చుట్టూ జనం. “సూడ్డానికొచ్చినాను” అన్నాను. నా ఉద్యోగం అక్కడితో ఊడింది.

“సొక్కా తిరగేసి తొడుక్కో. మీరందరూనూ. అలగైతేనే లోపలుంటారు, నేకపోతే గేటవతలకి.”

మామ్మకి రోషం వచ్చింది. “తిరగేసుకోడానికి మనమేటి తప్పు సేసినామే? నీకోసం కుట్టించుకొచ్చినాం!”

“మామ్మా, నువ్వు ధింసాకి ముందు నడుత్తన్నప్పుడు, ఆట రాని మనిషి అదే సీర కట్టుకుని మధ్యన దూరితే ఏటి సేత్తావు?”

“మడం తొక్కుతాను. నేకపోతే అడుగులన్నీ తప్పిపోవా?”

“నానూ అదే సేత్తన్నాను.”

మామ్మ భుజం మీది గుడ్డ తీసి, నారింజ అంచు కనబడకుండా లోపలికి మడిచి, అందరికంటే ముందు ఆవిడే కప్పుకుంది. మేం ఏనుగు వెనక్కి వెళ్ళి చొక్కాలు తిరగేసుకున్నాం. దారప్పోగులు వేలాడుతూ, కుట్లు బయటికి తేలి, పిట్ట వెనకభాగం చూపిస్తూ తొమ్మిది మందిమి వరసలోకి వచ్చాం. (ఆ పిట్ట వెనకనుంచే కాస్త చిలకలా ఉంది.) టికెట్లు కూడా కొనుక్కొచ్చాం, అక్క అది కూడా వదల్లేదు.

ఆ ట్రిప్పులో తుడుపు సారు ఆఖరి పెట్టెలో కూర్చున్నాడు. అక్క నాలుగు కొక్కేలూ మళ్ళీ మొదటినుంచి చూసి, తనే వచ్చి తాడు తీసి, అందరూ కూర్చున్నారో లేదో ఒక్కొక్క పెట్టె దగ్గరా ఆగి చూసింది. నా దగ్గరా ఆగింది. సీటుకి అడ్డంగా ఉన్న గొలుసు లాగి చూసి ముందుకెళ్ళిపోయింది. కనీసం కన్ను కొట్టలేదు. రైలు పులి నోట్లోకి వెళ్ళి, చీకట్లో అందరూ కేకలు పెట్టి, తోక కిందినుంచి మెత్తగా బయటికొచ్చింది. దిగాక సారు కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది శుభసూచకమని మాకు తెలుసు. వారం అయ్యాక ఇంజను అక్కకే ఖాయమైంది.

మరుసటి నెలలో గేటు దగ్గర కొత్త బోర్డు వెలిసింది. సందర్శకులు, పిల్లలతో సహా, సిబ్బంది దుస్తులను పోలిన దుస్తులు ధరించి లోపలికి రాకూడదు. అసలు అలాంటి బట్టలు ఎవరు కుట్టించుకొస్తారని యాత్రికులు నవ్వుకుంటూ పోతారు. ఎప్పుడు వెళ్ళినా మామ్మ దాని ముందు ఆగి నాచేత చదివించుకుంటుంది. సంతలో కనబడ్డ ప్రతివాళ్ళకీ, “మా గుంట మమ్మల్నే ఎలగొట్టబోయింది, తెలుసునా? సొంత మామ్మనని కూడా సూడనేదు!” అని చెప్పి, ఎదుటివాళ్ళు అయ్యో అంటే కోప్పడుతుంది. అది అయ్యో అనాల్సిన సంగతి కాదట.

ఇప్పుడు అక్క కొత్త డ్రైవర్లకి నేర్పుతోంది. కణుపుల మీద మచ్చ చూపించి పాఠం మొదలుపెడుతుందట, నా పేరు మాత్రం చెప్పదట. నేను సెలవులకి వచ్చినప్పుడు టికెట్టు కొనుక్కుని, అందరితో పాటు తాడు వెనక నిలబడతాను. ఆ కాసేపూ చేతులు రెండూ వెనక్కి కట్టుకునే ఉంటాను. మొన్న అక్క చూసి, “ఏటే, ఇంకా బయమేనా నానంటే?” అని నవ్వింది. భయం అక్కంటే కాదు. ఎవరైనా వెనకనుంచి ‘ఏమ్మా’ అని పిలిస్తే ఆ పదేళ్ళ గుంట ఏం చేస్తుందో నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.