సన్నబడే సూది కోసం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు

ఆళ్లగడ్డలో మా వదినకు మిఠాయి అంగడి ఉంది, నాకు షుగర్ ఉంది. రెండింటికీ సంబంధం లేదని ఆమె వాదన. వారానికొకసారి పొట్టకు వేసుకునే సూదులతో ఆకలి తగ్గుతుందని, షుగరూ అదుపులోకి వస్తుందని ఈమధ్య మా వీధిలో ఎవరిని కదిపినా అదే మాట. నేను సెమాగ్లూటైడ్ గురించి విన్నాను, వదిన టిర్జెపటైడ్ గురించి విన్నది. కూతురి పెళ్లిలోపు సన్నబడాలని ఆమె తొందర. ఏది మేలో డాక్టరునే అడుగుదామని ఒక సోమవారం బయలుదేరాం.

పొద్దున పల్లెవెలుగు బస్సు ఎక్కితే శిరివెళ్ల మీదుగా గంటకు పైనే పడుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, అందుకే సీటు కరువు. బస్టాండులోనే ఎక్కండి. కూర్చోగానే వదిన నేతి ఓళిగల, అదే బొబ్బట్ల, డబ్బా విప్పింది. "సూది పడితే తిననీదంట. నోరుండంగనే తిందాం." శిరివెళ్ల వచ్చేసరికి డబ్బా ఖాళీ.

నంద్యాలలో దిగి ఆటో అతనికి సన్నబడే డాక్టరమ్మ దగ్గరికని చెప్పాం. అతను అద్దంలో మమ్మల్ని చూశాడు. "ఆడికి పోయేటప్పుడు ఈ సీట్లో ఇద్దరే పడతారు, వచ్చేటప్పుడూ ఇద్దరే. సన్నబడినోళ్లను నేనింకా చూల్యా అక్కా."

ఆస్పత్రిలో రద్దీ బాగా ఉంది. మా వంతు కోసం కూర్చున్నప్పుడు వదిన హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూపించింది. లోపల పెన్నులా ఉండే టిర్జెపటైడ్ సూది. తెలిసినాయన తెచ్చిచ్చాడట, ఇన్నాళ్లూ అంగట్లో ఫ్రిజ్‌లో కోవా పక్కన పెట్టిందట.

"డాక్టరమ్మ ఊ అంటే ఈ పొద్దే ఏసుకుంటా" అంది గుసగుసగా.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. రెండూ వారానికొకటే. సెమాగ్లూటైడ్ ఒక హార్మోన్ చేసే పని చేస్తుంది, టిర్జెపటైడ్ రెండు హార్మోన్ల పని. సగటున రెండోదానితో బరువు ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది.

"రెండు హార్మోన్లంటే, ఒకటి నాకు, ఒకటి మా ఆయనకా?" అంది వదిన.

డాక్టరమ్మ నవ్వాపుకొని, వికారం, మలబద్ధకం రెండింటితోనూ ఉంటాయని, చిన్న మోతాదుతో మొదలుపెట్టాలని, మానేస్తే బరువు మళ్లీ రావచ్చని చెప్పింది. తర్వాత వదినను అడిగింది. "ఎప్పుడైనా ప్యాంక్రియాస్, అదే క్లోమగ్రంథి, వాచిందా అమ్మా?"

"లేదు మేడం. గ్యాసు తప్ప ఏ రోగమూ లేదు."

పోయిన ఏడు ఆ "గ్యాసు"తో ఆమె ఆస్పత్రిలో మెలికలు తిరుగుతుంటే పక్కన కూర్చున్నది నేనే. అది ప్యాంక్రియాస్ వాపని అక్కడి డాక్టర్లు చెప్పింది కూడా నాకే. వదిన నా కాలు తొక్కింది. నొప్పికి కాదుగానీ భయానికి నోరు తెరిచాను. బ్యాగులో పెన్ను సంగతితో సహా ఉన్నదంతా చెప్పేశాను.

డాక్టరమ్మ ముఖం మారింది. "ఈ రెండు సూదుల్లో ఏదీ మీకు వద్దమ్మా. మళ్లీ వాస్తే ప్రాణం మీదికి రావచ్చు." బ్యాగులో పెన్ను అడిగి తీసుకుంది. నాకు మాత్రం సెమాగ్లూటైడ్ రాసి, షుగర్ మాత్ర ఒకటి తగ్గించింది.

బయటికొచ్చాక వదిన విరుచుకుపడింది. "ఏమ్మే, నా కడుపు సంగతి నీకేల?"

"మళ్లీ ఆస్పత్రి మంచం పక్కన కూచునేది నేనే గదా!" అన్నాను.

"పెండ్లి పెట్టుకోని సచ్చిపోతే ఆ పిల్ల గతేంది? నాకా ఆలోచనే రాల్యా" అంది వదిన మెల్లగా. వెంటనే మెస్సు బోర్డు కనబడింది. "పద, నువ్వు సూది ఏసుకొని నాలుగు మెతుకులు తిను. మిగిలింది నేను చూసుకుంటా."

ఏ మందు గొప్పదని అడగడానికి పోయాం, ఏ మనిషికి ఏది పనికిరాదో తెలుసుకొని వచ్చాం. ఇప్పుడు నేను వికారంతో, వదిన విసుగుతో సాయంత్రాలు కలిసి నడుస్తున్నాం. ఆమె నాకంటే వేగంగా నడుస్తుంది, కోపం అట్లాంటిది. మీరు ఇదే పని మీద నంద్యాల పోతుంటే పాత ఆస్పత్రి కాగితాలన్నీ వెంట తీసుకుపొండి. అవి పోగొట్టుకొని ఉంటే, ఆస్పత్రిలో మీ మంచం పక్కన కూర్చున్న మనిషిని తీసుకుపొండి.