నాగులమ్మ మెల్లగా మాట్లాడిన రోజు

వాకాడుకు తూర్పుగా సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాళెంలో నాగులమ్మ గొంతు వినని చెవి లేదు. ఆమెకు చిన్న సంగతులంటూ ఉండేవి కావు. పులుసులో ఉప్పు ఎక్కువైతే "కొంప మునిగింది!" పిల్లి చేపతల ఎత్తుకుపోతే "పుట్టి మునిగింది!" కోడిపెట్ట పొద్దుగూకినా గూటికి రాకపోతే "నా నెత్తిన పిడుగు పడింది!" ఇక అన్నం అడుగంటిందంటే, "కొంపలంటుకున్నాయిరో!" అని ఆమె పెట్టే కేక అలల హోరును దాటుకుని తెప్పల మీద ఉన్నవాళ్ళకు వినబడేది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కేకలకు జనం పరుగెత్తుకొచ్చేవారు. ఒకసారి "పోయినాడు, నా మొగుడు పోయినాడు!" అని గుండెలు బాదుకుంటే, పెద్దవాళ్ళు పాడెకు వెదురుబొంగుల కోసం మనిషిని కూడా పంపించారు. తీరా చూస్తే మొగుడు ఆదెయ్య చెప్పకుండా కోట ఊరి సంతకు పోయాడు. ఆ తరువాత ఆమె ఎంత అరిచినా ఎవరూ కూర్చున్నచోటి నుంచి లేవడం మానేశారు. ఆదెయ్య కూడా చుట్ట తీయకుండానే, "ఏమిమే, ఈ తూరి మునిగిందా, అంటుకునిందా?" అని అడిగి ఊరుకునేవాడు.

వాళ్ళ ఇంటికి దక్షిణం పక్క ఇల్లు ఓబయ్యది. నాగులమ్మకు వరసకు అన్న. అతను ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"నాగులమ్మా, ఉన్న మాటలన్నీ పిల్లికీ కోడికీ వాడేస్తే, నిజంగా ఏమన్నా అయిననాడు ఏం చెప్తావు?"

"మాటలకేం కరువన్నా? నీకు కావాలంటే నాలుగిస్తా, దాచిపెట్టుకో."

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం. దక్షిణపు గాలి ఇసుకను లేపి కొడుతోంది. వేటనుంచి వచ్చిన మగవాళ్ళు పడవల నీడన పడుకుని ఉన్నారు. ఓబయ్య ఒడ్డున కూర్చుని చిరిగిన వలకు ముడులు వేసుకుంటున్నాడు. అతని భార్య పొయ్యి సరిగా ఆర్పకుండానే చేపల గంప ఎత్తుకుని వాకాడు పోయింది.

ఇంటి వెనక చేపలు ఎండబోస్తున్న నాగులమ్మ తలెత్తి చూసేసరికి ఓబయ్య ఇంటి తాటాకు కప్పులోంచి పొగ వస్తోంది. పొగ వెనకే చిన్న మంట. ఆమె ఇసుకలో గబగబా నడిచి ఓబయ్య దగ్గరికి వెళ్ళింది.

"అన్నా," అన్నది, తమలపాకుకు కాస్త సున్నం అడిగినంత నెమ్మదిగా. "ఆ వల కింద పెట్టి ఒకసారి లెయ్యి."

ఓబయ్య చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు ఆమెది కాదు.

"ఏందమ్మా? ఏమైంది?"

"మీ ఇల్లు."

ఓబయ్య ఇంటివైపు చూడనైనా చూడలేదు. పడవలవైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "లెయ్యండిరా! బిన్నా, తొందరగా లెయ్యండి! నాగులమ్మ మెల్లగా మాట్లాడతా ఉంది!"

అంతే. పడుకున్నవాళ్ళంతా ఒక్క ఊపున లేచారు. తలగుడ్డ మరిచిపోయినవాడు, ఒక కాలికే చెప్పు తొడుక్కున్నవాడు, అందరూ పరుగో పరుగు.

ఇసుకలో తవ్విన చెలమల్లో నీళ్ళు ఊరేదే కొంచెం. సముద్రానికి పోయి కడవ నింపుకొచ్చేలోగా ఓబయ్య ఇల్లు భగ్గుమన్నది. నిప్పురవ్వలు ఉత్తరంగా ఎగురుతున్నాయి. ఆ వైపు నాగులమ్మ ఇల్లు, దాన్ని ఆనుకుని బాలింత పేరమ్మ ఇల్లు, ఆపైన వరసగా పాళెమంతా తాటాకే.

నాగులమ్మ ముందు పేరమ్మ ఇంట్లోకి దూరింది. "పేరమ్మా, బిడ్డనెత్తుకుని సముద్రం కల్లా నడువు. చెవులకు గుడ్డ కట్టుకో, గాలిగా ఉంది." తరువాత బయటికి వచ్చి మొగుడి భుజం తట్టింది.

"మావా, మన ఇల్లు లాగెయ్యండి."

"ఏందీ?"

"మనది లేకపోతే మంట ఈడనే ఆగిపోద్ది. మిగతావి నిలబడతాయి. పెద్ద వల తాడు తెప్పించు."

తాడు వచ్చింది. ఇంటి నడుమ కప్పును మోస్తున్న నిట్రాడుకు బిగించారు. జనం వల లాగేటప్పుడు నిలబడినట్టే వరసగా నిలబడ్డారు. ముందున్న ఆదెయ్య వెనక్కి తిరిగాడు.

"ఈ నిట్రాడు నా భుజం మీద మోసుకొచ్చిందిమే."

"తెలుసు. లాగు."

అలవాటు కొద్దీ ఎవరో "హైలెస్సా" అందుకున్నారు. మిగిలినవాళ్ళు గొంతు కలిపారు. రెండు ఊపులకు ఇల్లు ఒరిగింది, మూడో ఊపుకు కూలింది. తాటాకునంతా నీళ్ళ అంచుకు ఈడ్చి, మిగిలినదాని మీద తడి ఇసుక కుప్పలు పోశారు. మంటకు ముందుకు పోయే దారి లేక ఓబయ్య ఇంటితోనే చల్లారింది. ఎవరికీ ఒక వెంట్రుక కూడా కాలలేదు.

జనమంతా ఇసుకలో కూలబడి నాగులమ్మ వైపు చూశారు. ఇప్పుడు ఏడుస్తుంది, ఈసారి మనమూ కలిసి ఏడవాలి అనుకున్నారు. ఆమె మాత్రం మాట్లాడకుండా కూర్చుంది. ఆదెయ్య భయపడి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. గటగటా తాగేసి, అప్పుడన్నది.

"అరవబోయినాను మావా. గొంతు రాలా. నాలుక అంగిటికి అంటుకుపోయింది."

మసి మొహంతోనే ఓబయ్య పగలబడి నవ్వాడు. "ఎంత మంచిపని చేసింది నీ నాలుక! అరిచి ఉంటే మేం అటు తిరిగి పడుకునేవాళ్ళమే తల్లీ!"

పొగకు ఆమె గొంతు నిజంగానే పట్టేసింది. దాంతో పాళేనికి కొత్త తిప్పలు మొదలయ్యాయి. మర్నాడు నాగులమ్మ పేరమ్మ గుమ్మంలో నిలబడి, "కాస్త ఉప్పుందా?" అని గుసగుసగా అడిగితే, పేరమ్మ బిడ్డను చంకనేసుకుని సముద్రం వైపు పరుగు తీసింది. నాగులమ్మ నోరు విప్పినప్పుడల్లా నలుగురు లేచి ఎవరి కప్పు వాళ్ళు చూసుకునేవారు. చివరికి ఆడవాళ్ళు వంతులు వేసుకుని మిరియాల కషాయం కాచి, పాత కేక తిరిగొచ్చేదాకా ఆమెకు పోశారు.

వానలు పడకముందే రెండు ఇళ్ళూ మళ్ళీ లేచాయి. ముందు నాగులమ్మ ఇల్లు లేస్తేగాని తన ఇంటికి గుంట తవ్వనివ్వనని ఓబయ్య పట్టుబట్టాడు. అంతదాకా పెళ్ళాంతో కలిసి బోర్లించిన పడవ కిందే కాపురం చేశాడు. కొత్త నిట్రాడును ఆదెయ్య ఒక కొసన, ఓబయ్య ఒక కొసన పట్టుకుని మోసుకొచ్చారు.